డేనిష్ అంకెల్లో తడబడేది 50 నుంచి 90 దాకానే

డేనిష్ మొదలుపెట్టినవాళ్లు ఒకటి నుంచి ఇరవై దాకా వారంలో పట్టేస్తారు. కొట్టులో ధర చెప్పేసరికి దొరికిపోతారు. 50 నుంచి 99 దాకా లెక్కంతా ఇరవైలతో నడుస్తుంది మరి.

60 ట్రెస్, అంటే మూడు ఇరవైలు. 80 ఫీర్స్, నాలుగు ఇరవైలు. మధ్యవాటికి ముందు 'హాల్', అంటే సగం, చేరుతుంది: 50 హాల్‌ట్రెస్ (రెండున్నర ఇరవైలు), 70 హాల్‌ఫ్యేర్స్ (మూడున్నర), 90 హాల్‌ఫెమ్స్ (నాలుగున్నర). 'హాల్' వినగానే వెనకొచ్చే అంకెలోంచి (ట్రెస్‌కి 3, ఫ్యేర్స్‌కి 4, ఫెమ్స్‌కి 5) అర తీసేయండి, 20తో గుణించండి. ట్రెస్‌లో మూడు వినపడిందని 30 అనుకోవద్దు. 40 (ఫోర్), 80 (ఫీర్స్) కూడా చెవికి దగ్గరగానే ఉంటాయి. చివరి 'స్' పట్టుకోండి.

ఇంకో తిరకాసు, ఒకట్లు ముందొస్తాయి. 75 అంటే 'ఫెమ్ ఒ హాల్‌ఫ్యేర్స్', ఐదూ డెబ్బై. హిందీ పచ్‌హత్తర్ తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. రాసుకునేటప్పుడు ఎడమవైపు ఖాళీ వదిలి ముందు 5 వేయండి, తర్వాత 7. లేకపోతే 57 అయి కూర్చుంటుంది.

సాధనకు ఫోన్ నంబర్లే మేలు. డెన్మార్క్‌లో ఎనిమిది అంకెలు, మామూలుగా రెండేసి చొప్పున చదువుతారు. ఫోన్‌లోని డేనిష్ గొంతుతో నాలుగు జంటలు చదివించి రాసుకోండి. రోజుకు ఐదు నంబర్లు చాలు.