ఐ బోల్టు బిగించే ముందు

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో మోటార్లు ఎత్తి దించే పని నాది. ఐ బోల్టు (తలమీద రింగు ఉండే, బరువులెత్తే బోల్టు) చేతికొస్తే ముందు కాలర్ (రింగు కింద ఉండే వెడల్పాటి అంచు) ఉందా అని చూస్తాను. లేకపోతే అది నిట్టనిలువుగా ఎత్తడానికే. పక్కకి లాగితే వంగిపోతుంది. డిన్ 580 (జర్మన్ ప్రమాణం) రకం ఎం16 (16 మి.మీ. మర) బోల్టు నిలువుగా 700 కిలోలు మోస్తుంది. రెండు బోల్టులకి స్లింగులు (బరువు ఎత్తే తాళ్లు, బెల్టులు) నిలువు నుంచి 45 డిగ్రీల వాలులో వేస్తే ఒక్కోదానికి 500 కిలోలే. కాలర్ మోటారు బాడీకి పూర్తిగా ఆనాలి. బిగించాక రింగు స్లింగు లాగే వరుసలోకి రాలేదా? వెనక్కి తిప్పి వదులు చేయకండి, కింద పల్చటి వాషరు వేయండి.

ఒకే స్లింగును రెండు రింగుల్లోంచి దూర్చేయడం మా కుర్రాళ్లకి భలే అలవాటు. అది బోల్టుల్ని ఒకదానివైపు ఒకటి లాగేస్తుంది. ఒక్కో రింగుకి విడివిడిగా షాకిల్ (పిన్నుతో మూసే యు ఆకారపు ఇనుప కొక్కెం) వేయాల్సిందే. మోటారు మీది బోల్టు మోటారుకే, పంపుతో కలిపి ఎత్తొద్దు. వంగినదాన్ని సుత్తితో సరిచేసే మేస్త్రీలున్నారు. నేనైతే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను.