నరం తెగిందంటే ఏ నరం? చేతి సర్జన్‌ను కలవబోయేవారికి

చేతికి దెబ్బ తగిలినప్పుడు మనవాళ్ల నోట మొదట వచ్చే మాట "నరం తెగిందేమో చూడండి" అనేదే. అయితే మనం రక్తం పారే నాళాన్నీ నరమే అంటాం, స్పర్శను మెదడుకు చేరవేసే నాడినీ నరమే అంటాం, వేలిని తాడులా లాగి ముడిచే టెండాన్‌నూ నరమే అంటాం. ఈ మూడూ వేర్వేరు వస్తువులు. వీటికి చేసే వైద్యం వేరు, తొందరపడవలసిన తీరు వేరు, కోలుకోవడానికి పట్టే కాలమూ వేరు. చేతి సర్జన్ గదిలోకి వెళ్లే ప్రతి ఒక్కరూ ఈ తేడాను మనసులో పెట్టుకుని వెళ్లాలని నా కోరిక, ఎందుకంటే దీన్ని తెలుసుకోవడానికి మా ఇంట్లో పెద్ద మూల్యమే చెల్లించాం.

కొన్నేళ్ల క్రితం మా తమ్ముడు గాజు గ్లాసు కడుగుతుండగా అది పగిలి, కుడిచేతి ఉంగరపు వేలి మొదట్లో తెగింది. గాయం అంగుళం పొడవు కూడా లేదు. దగ్గరలోని ఒక క్లినిక్‌లో మూడు కుట్లు వేసి, టీటీ ఇంజెక్షన్ చేసి, "నరమేమీ తెగలేదు, భయం లేదు" అని పంపించారు. రక్తనాళం సంగతి అయితే ఆ మాట నిజమే. కుట్లు విప్పిన రోజున పిడికిలి బిగించమంటే మూడు వేళ్లు ముడుచుకున్నాయి, ఉంగరపు వేలు మాత్రం నిటారుగా నిలబడిపోయింది. వాపు తగ్గితే అదే వంగుతుందని మరో రెండు నెలలు ఎదురుచూశాం. అప్పటికి తెగిన టెండాన్ కొస అరచేతిలోకి జారిపోయింది, అది నడిచే గొట్టం మూసుకుపోయింది. మొదటి వారంలోనే తెలిసి ఉంటే ఒక్క ఆపరేషన్‌తో డాక్టర్లు కలిపి కుట్టేసేవారు. ఆలస్యం కావడంతో ముందు సిలికాన్ కడ్డీ పెట్టి, మూడు నెలలాగి, మరోచోటి నుంచి తీసిన టెండాన్‌ను అతికించి, రెండు విడతల్లో చేయవలసి వచ్చింది.

అందువల్ల చేతి మీద గాయం ఎంత చిన్నదైనా కుట్లు వేయకముందే మూడు పరీక్షలు అడిగి చేయించుకోండి. ఒక్కొక్క వేలినీ విడివిడిగా ముడిచి చూపాలి. వేలి మధ్య కణుపును పట్టుకుని, కొసను మాత్రమే వంచగలుగుతున్నారో లేదో చూడాలి. వేలి కొసకు రెండు పక్కలా తాకితే స్పర్శ ఒకేలా తెలుస్తున్నదో లేదో చెప్పాలి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక స్పర్శను పరీక్షించడం కుదరదు కనుక, ఇవన్నీ అంతకు ముందే జరగాలి.

ఎవరి దగ్గరకు వెళ్లాలి

చేతి సర్జన్లు సాధారణంగా ఆర్థోపెడిక్స్ గానీ ప్లాస్టిక్ సర్జరీ గానీ చదివి, ఆపైన చేతి మీద, మైక్రోసర్జరీ (మైక్రోస్కోప్ కింద చేసే ఆపరేషన్లు) మీద ప్రత్యేక శిక్షణ పొందినవారు. ప్లాస్టిక్ సర్జన్ అంటే అందానికి సంబంధించిన డాక్టర్ అనుకుని వెనక్కు వచ్చేవారిని నేను చూశాను. అది పొరపాటు. మన దేశంలో ఈ విద్యకు పెద్ద పునాది 1940ల చివర్లో వెల్లూరులో పడింది. అక్కడ డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు వ్యాధితో వంకర్లు పోయిన వేళ్లకు టెండాన్లను మార్చి అమర్చి, మళ్లీ పనిచేసేలా చేశారు.

విజయవాడ, గుంటూరు ప్రాంతంవారికి గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్), విజయవాడ ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ అందుబాటులో ఉన్నాయి. ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్లేవారు "చేతి సర్జన్ ఏ రోజుల్లో వస్తారు, మైక్రోస్కోప్ కింద నాడులు కలిపే సదుపాయం ఉందా" అని ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు వెంట ఉంచుకుని, మీ ఆపరేషన్ ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందో లేదో చేరకముందే కౌంటర్‌లో అడగండి. ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికులకు గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. యంత్రం వల్లనో రోడ్డు ప్రమాదం వల్లనో గాయమైతే ఆసుపత్రివారు ఎమ్మెల్సీ (పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు) నమోదు చేస్తారు. దానికి భయపడి జరిగింది దాచవద్దు, తరువాత పరిహారం అడగడానికి ఆ కాగితమే ఆధారం.

గడియారం చూసుకోవలసిన గాయాలు

ఆటోనగర్‌లో ప్రెస్ యంత్రం కింద, చెరకురసం బండి రోలర్ల మధ్య, పిండిమర బెల్టులో వేళ్లు పోయే ప్రమాదాలు మనకు కొత్త కాదు. చేయి యంత్రంలో ఇరుక్కుంటే మోటారు ఆపి, యంత్రాన్ని విప్పగలవారిని పిలవాలే తప్ప బలంగా లాగకూడదు. వేలు తెగిపడితే గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి ఉంచి, 108కి ఫోన్ చేయండి. వేలి మొదట్లో దారంతోనో తీగతోనో బిగించి కట్టవద్దు, పసుపో కాఫీపొడో అద్దవద్దు. తెగిన ముక్కను శుభ్రమైన నీటితో కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచాలి. ఐసు ముక్కల్లో నేరుగా పడేస్తే కణజాలం గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. వేళ్లలో కండరం ఉండదు కాబట్టి ఇలా చల్లగా ఉంచిన వేలిని 12 గంటలు దాటాక కూడా అతికించే అవకాశం ఉంటుంది. కండరం ఉన్న ముంజేయి తెగితే మాత్రం దాదాపు 6 గంటలలోపే రక్తప్రసారం తిరిగి మొదలవ్వాలి. నలిగిపోయిన ప్రతి వేలినీ అతికించలేరు. బొటనవేలు, ఒకేసారి తెగిన పలు వేళ్లు, పిల్లల వేళ్లు అయితే డాక్టర్లు వీలైనంతవరకు ప్రయత్నిస్తారు.

చూడడానికి ఏమీ లేనట్టుండే రెండు ప్రమాదాలను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గ్రీజు గన్ నుంచో పెయింట్ స్ప్రే నుంచో అధిక పీడనంతో ద్రవం వేలిలోకి దూరితే సూదిపోటంత రంధ్రమే కనబడుతుంది, లోపల మాత్రం అది అరచేతి దాకా పాకి ఉండవచ్చు. అది అదే రోజు ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లవలసిన గాయం. అలాగే ముల్లు గుచ్చుకున్న వేలు మొత్తం సమంగా వాచి, వంగి ఉండిపోయి, కొంచెం చాచబోతేనే ప్రాణం పోయేంత నొప్పి వస్తే, అది మామూలు గోరుచుట్టు కాదు. చీము టెండాన్ గొట్టంలో చేరింది. మధుమేహం ఉన్నవారు ఒక్క రాత్రి కూడా ఆగకూడదు.

నిదానంగా వచ్చే ఇబ్బందులు

రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్రలేపి, చేయి విదిలిస్తే తగ్గుతుంటే, చాలామంది దాన్ని నరాల బలహీనత అని ఏళ్ల తరబడి బీ కాంప్లెక్స్ మాత్రలు మింగుతారు. మణికట్టు దగ్గర ఒక నాడి నొక్కుకుపోవడం దానికి ఎక్కువగా కారణం. రాత్రి పట్టీతో మొదలుపెట్టి, అవసరమైతే చేసే ఆపరేషన్ చిన్నదే. బొటనవేలి మొదట్లోని కండ కరిగిపోయేదాకా ఆగితే మాత్రం ఆ బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ముడిచిన వేలు టక్కుమని ఇరుక్కునే ట్రిగ్గర్ ఫింగర్ చాలావరకు ఇంజెక్షన్‌తో తగ్గుతుంది. జారి అరచేయి ఆనించి పడ్డవారికి బొటనవేలి కిందుగా మణికట్టులో నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా 10 నుంచి 14 రోజులకు మళ్లీ తీయించాలి. స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగినా అది మొదట కనిపించకపోవడం మామూలే. ఇలాంటి చేతికి బిగుతుగా నాటుకట్టు కట్టించి వదిలేయడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

గదిలో ఏం జరుగుతుంది

పాత కాగితాలన్నీ, ఎక్స్‌రే ఫిల్ములు సహా, తీసుకెళ్లండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. షుగరు, రక్తం పలచబడే మందులు, పొగతాగే అలవాటు దాచకుండా చెప్పండి. ఉంగరాలు, గాజులు ఇంటి దగ్గరే తీసేయండి, వాపు పెరిగాక వాటిని కత్తిరించవలసి వస్తుంది. గోళ్లరంగు తుడిచేయండి, గోరు కింద రక్తప్రసారం డాక్టర్ చూడాలి.

డాక్టర్ ముందుగా రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు, మణికట్టు మీద వేలితో తడతారు, మణికట్టు వంచి ఒక నిమిషం పాటు ఉంచమంటారు, పిన్నుతో ఒక కొస తాకిందా రెండు కొసలు తాకాయా అని అడుగుతారు. ఏ స్కానూ రాయకుండా చేయి పట్టుకుని చూస్తున్నారని నిరాశ పడకండి, చేతి వైద్యంలో సగం నిర్ణయం అక్కడే జరుగుతుంది. నాడి పరీక్ష రాస్తే చిన్న చిన్న విద్యుత్ తాకిడులు ఉంటాయి, భరించగలిగినవే.

మీ పని ఏమిటో చెప్పడం అన్నిటికన్నా ముఖ్యం. "కూలి పని" అంటే సరిపోదు. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తేవారికి పిడికిలి బలం కావాలి. మంగళగిరి మగ్గం మీద అతుకు వేసేవారికి వేలికొసల స్పర్శ కావాలి. ఏ కీలును గట్టిగా బిగించాలి, దేన్ని కదిలేలా ఉంచాలి అన్నది దానిని బట్టే సర్జన్ నిర్ణయిస్తారు. ఆ తరువాత మీరు అడగవలసినవి అడగండి. తెగింది నాళమా, నాడియా, టెండానా? ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది? ఎంతవరకు తిరిగి వస్తుంది? వ్యాయామం ఎవరు నేర్పుతారు, ఎన్నిసార్లు రావాలి, దానికి విడిగా ఎంతవుతుంది?

ఆపరేషన్, ఆ తరువాత

చాలా చేతి ఆపరేషన్లు మెలకువలోనే జరుగుతాయి. చంకలోనో మెడ దగ్గరో ఇంజెక్షన్ ఇస్తే చేయంతా బరువెక్కి, మనది కానట్టు పడి ఉంటుంది. ఆ మొద్దుబారడం కొన్ని గంటలు ఉంటుంది కాబట్టి కంగారు పడనవసరం లేదు. సాధారణంగా 6 గంటల ముందునుంచి ఆహారం మానాలి, కానీ మీ డాక్టర్ చెప్పినదే పాటించండి.

ఇంటికి వచ్చాక మొదటి కొద్ది రోజులు చేతిని గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. కట్టు బయట ఉన్న వేళ్లు తెల్లబడినా, నీలమెక్కినా, మత్తు పూర్తిగా పోయాక కూడా తిమ్మిరి ఉన్నా, మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతూ పోయినా, రేపటి దాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. టెండాన్ కుట్టినచోట దాదాపు 6 వారాలు స్ప్లింట్ (చేతిని కదలకుండా పట్టి ఉంచే అచ్చు కట్టు) కాపాడుతుంది, బరువు పనికి 12 వారాలు పడుతుంది. నాడి కుట్టిన తరువాత రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, కాబట్టి మణికట్టు దగ్గర తెగినవారికి వేలికొసలో స్పర్శ రావడానికి ఆరు నెలలు దాటడం సహజమే.

మా తమ్ముడికి ఈ కాలంలో అన్నిటికన్నా కష్టమైంది భోజనం. స్ప్లింట్ తీసి ఒక్కసారి పప్పన్నం కలుపుకుంటానని రోజూ అడిగేవాడు. కుట్టిన టెండాన్ ముద్ద పిసికే బలానికి కూడా తెగిపోవచ్చని వ్యాయామం నేర్పే థెరపిస్టు చెప్పారు. అందువల్ల ఎడమచేత్తో చెంచా వాడడం ఆపరేషన్‌కు ముందే అలవాటు చేసుకోండి, కుడిచేత్తో అన్నం కలుపుకోవడానికి ఏ వారం నుంచి అనుమతి ఉందో థెరపిస్టు చేత కాగితం మీద రాయించుకోండి.