కొత్త మాట గుర్తుండాలంటే తెలుగు బొమ్మ కట్టండి

యాప్‌లో కొత్త భాష నేర్చుకుంటున్నారా? చాలా యాప్‌లు ఇచ్చే కొండగుర్తులు (మాటను గుర్తుచేసే బొమ్మలు) ఇంగ్లిష్ శబ్దాల మీద కట్టినవి. మనకు అవి రెండుసార్లు అనువాదం చేసుకునే పని పెడతాయి. మీ కొండగుర్తు మీరే తెలుగులో కట్టుకోండి.

జపనీస్‌లో 'నేకో' అంటే పిల్లి. వినగానే 'నాకు' గుర్తొస్తుంది కదా, పిల్లి గిన్నె అడుగు దాకా నాకుతున్నట్టు ఊహించుకోండి. ఫ్రెంచ్‌లో 'పొమ్' అంటే ఆపిల్. ఆపిల్‌ని చుట్టుకున్న పాము! బొమ్మ ఎంత వింతగా ఉంటే అంత బాగా అతుక్కుంటుంది. ఉచ్చారణ మాత్రం ఆడియో విని సరిచేసుకోవాలి, ఎందుకంటే కొండగుర్తు శబ్దానికి దగ్గరగా ఉంటుందే తప్ప అదే శబ్దం కాదు.

కట్టిన బొమ్మను ఆంకీ లాంటి ఫ్లాష్‌కార్డు యాప్‌లో కార్డు వెనకవైపు రాసుకోండి, ముందువైపు వద్దు. ముందే కనిపిస్తే మెదడుకి వెతికే పని ఉండదు, ఆ వెతకడంలోనే మాట గట్టిపడేది. మరిచిపోవడం ఎలా సాగుతుందో జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపించాడు. ఈ యాప్‌లు మరిచిపోయే సమయానికి కాస్త ముందు మాటను మళ్లీ అడుగుతాయి.

ఇంకొకటి, ఇది నిజంగా ముఖ్యం. కార్డు చూసినప్పుడు మాట గుర్తు రాకపోతే 'హార్డ్' బటన్ నొక్కకండి, 'అగైన్' నొక్కండి. ఆంకీ లెక్కలో హార్డ్ అంటే కష్టపడినా గుర్తొచ్చిందని అర్థం. రోజుకు 20 కొత్త కార్డులు టెన్షన్ పెడుతుంటే సెట్టింగ్స్‌లో 7కి తగ్గించేయండి.