ఐస్, వేడి, లెక్క - 3వ భాగం: వేడి టీలో ఐస్ వేస్తే ఎంత చల్లబడుతుంది?

పోయిన భాగంలో విశిష్టోష్ణం చూశాం కదా, ఒక గ్రాము నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కెలోరీ కావాలి, అదే ఐస్‌కైతే సుమారు అర కెలోరీ చాలు అని. ఆ రెండూ గుర్తుంటే ఇవాళ్టి పాఠానికి ఇంకొక్క అంకె చాలు, 80. సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము ఐస్ కరిగి అదే సున్నా డిగ్రీల నీళ్ళు అవ్వడానికి సుమారు 80 కెలోరీలు తీసుకుంటుంది (జౌల్స్‌లో 334), ఆ వేడంతా లోపలికి పోతూనే ఉంటుంది కానీ థర్మామీటర్ మాత్రం కదలదు. దీన్నే ద్రవీభవన గుప్తోష్ణం అంటారు. 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ దీన్ని కొలిచి చూపించేదాకా, సున్నాకి వచ్చిన ఐస్‌కి ఇంకాస్త వేడి తగిలితే మొత్తం కరిగిపోతుందనే అనుకునేవాళ్ళు.

సరే లెక్కలోకి వద్దాం. 200 గ్రాముల టీ, పాలు లేనిదే తీసుకోండి, అది దాదాపు నీళ్ళే కాబట్టి విశిష్టోష్ణం 1 అని వేసుకోవచ్చు. టీ 80 డిగ్రీల దగ్గరుంది, అందులో మైనస్ 10 దగ్గరున్న ఐస్ 50 గ్రాములు వేశాం. కప్పుకీ గాలికీ పోయే వేడిని ప్రస్తుతానికి వదిలేద్దాం. చివరికి వచ్చే ఉష్ణోగ్రత T అనుకుంటే, టీ పోగొట్టుకున్న వేడి, ఐస్ తీసుకున్న వేడి సమానం అవ్వాలి, అంతే సూత్రం.

టీ పోగొట్టుకునేది 200 × (80 − T). ఐస్ వైపు మాత్రం మూడు మెట్లున్నాయి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే, మధ్య మెట్టు మర్చిపోతారు. మైనస్ 10 నుంచి సున్నాకి రావడానికి 50 × 0.5 × 10 = 250 కెలోరీలు, కరగడానికి 50 × 80 = 4000, కరిగిన ఆ నీళ్ళు సున్నా నుంచి T దాకా వేడెక్కడానికి 50 × T. ఇప్పుడు రెండు వైపులా రాస్తే

16000 − 200T = 4250 + 50T

అంటే 250T = 11750, T = 47 డిగ్రీలు.

ఇక్కడ కొంచెం ఆగి చూడండి, నాకు ఈ పాఠం మొత్తంలో బాగా నచ్చే చోటు ఇదే. టీ మొత్తం 6600 కెలోరీలు పోగొట్టుకుంది, అందులో 4000 ఒక్క కరగడానికే పోయాయి. ఐస్ బదులు సున్నా డిగ్రీల నీళ్ళు అదే 50 గ్రాములు పోసుంటే T 64 దగ్గర ఆగిపోయేది, కావాలంటే వేసి చూడండి. ఐస్ మైనస్ 10 దగ్గర ఉండటం వల్ల కలిసొచ్చింది 250 కెలోరీలే, అంటే గడ్డ ఎంత చల్లగా ఉంది అన్నదానికన్నా ఎంత బరువుంది అన్నదే ముఖ్యం.

ఇంట్లో చేసి చూసేవాళ్ళకి ఒక మాట. ఫ్రీజర్ లోంచి అప్పుడే తీసిన ముక్క పొడిగా తెల్లగా ఉంటుంది, వేలికి అతుక్కుంటుంది, అది సున్నాకి బాగా కింద ఉన్నట్టు. కాసేపు బయటుంటే పైన తడి మెరుస్తుంది, అప్పుడు దాన్ని సున్నా దగ్గర ఉన్నట్టే తీసుకోవచ్చు, మొదటి మెట్టు ఎగిరిపోతుంది. కానీ ఆ తడిని గుడ్డతో అద్ది తీసేశాకే తూచండి, ఎందుకంటే అది అప్పటికే కరిగిన నీరు, తూకంలో ఐస్‌గా లెక్కకొస్తుంది కానీ గ్రాముకి 80 కెలోరీలు మాత్రం తీసుకోదు.

ఇంకో చిక్కుంది. 200 గ్రాముల టీ 30 డిగ్రీల దగ్గరే ఉంది, మైనస్ 10 ఐస్ 100 గ్రాములు వేశాం అనుకోండి. పై సమీకరణమే గుడ్డిగా వాడితే T = మైనస్ 8.3 వస్తుంది, నీళ్ళు మైనస్‌లోకి పోయాయట! అది జరగదు. టీ సున్నా దాకా దిగినా ఇవ్వగలిగేది 6000 కెలోరీలే, ఐస్ మొత్తం కరగాలంటే 500 + 8000 కావాలి, కాబట్టి ఐస్ కొంత మిగిలిపోతుంది, చివరి ఉష్ణోగ్రత సున్నా. 500 పోగా మిగిలిన 5500ని 80తో భాగిస్తే 68.75 గ్రాములు కరిగాయి, 31.25 గ్రాములు తేలుతూ ఉంటాయి. అందుకే T కోసం పరిగెత్తకుండా ముందు ఇచ్చే వేడి ఎంత, మొత్తం కరగడానికి కావాల్సింది ఎంత, ఈ రెండూ పక్కపక్కన రాసుకోండి, ఏ దారిలో వెళ్ళాలో అదే చెప్తుంది.

మీరు చెయ్యాల్సినవి రెండు. 90 డిగ్రీల టీ 150 గ్రాములు, సున్నా డిగ్రీల ఐస్ 60 గ్రాములు, T ఎంత? 25 డిగ్రీల నీళ్ళు 100 గ్రాములు, సున్నా డిగ్రీల ఐస్ 40 గ్రాములు, చివరికి ఎంత ఐస్ మిగులుతుంది? మొదటిదానికి 41.4 డిగ్రీలు, రెండోదానికి 8.75 గ్రాములు రావాలి, రాకపోతే మధ్య మెట్టు దగ్గరే వెతకండి. 4వ భాగంలో ఇవాళ వదిలేసిన కప్పుని లెక్కలోకి తెద్దాం.