పారాసిటమాల్, కెఫీన్ కలిసిన మాత్రను హెచ్‌పీఎల్‌సీలో కొలవడం ఎలా?

పారాసిటమాల్ 500 మి.గ్రా., కెఫీన్ 65 మి.గ్రా. కలిసిన తలనొప్పి మాత్ర తీసుకుందాం. హెచ్‌పీఎల్‌సీ అంటే ద్రావణంలో కలిసిన పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం. దానికి సీ18 కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం), యూవీ డిటెక్టర్ (అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకున్నాయో చూసే భాగం) ఉంటే రెండింటినీ ఒకే ఇంజెక్షన్‌తో కొలిచేయొచ్చు.

మొబైల్ ఫేజ్‌కి (కాలమ్ గుండా పారే ద్రవం) నీళ్లు, మిథనాల్ 60:40లో కలిపి 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, సోనికేటర్‌లో పెట్టి గాలి తీసేయండి, లేదంటే పంపులో బుడగలు చేరి బేస్‌లైన్ (పదార్థమేదీ రానప్పుడు గ్రాఫ్‌లో ఉండే గీత) ఎగిరిపడుతుంది. ఫ్లో నిమిషానికి 1 మి.లీ.

వేవ్‌లెంగ్త్ మాత్రం కాస్త ఆలోచించి పెట్టాలి. పారాసిటమాల్‌కి 245 నానోమీటర్ల దగ్గర సిగ్నల్ బాగుంటుంది, కానీ అది ఎలాగూ దండిగా ఉంది కాబట్టి తక్కువగా ఉన్న కెఫీన్‌కి అనుకూలంగా 273 పెట్టడమే నయం.

20 మాత్రలు తూచి సగటు బరువు రాసుకుని, మెత్తగా నూరి, ఒక మాత్ర బరువంత పొడిని 100 మి.లీ. మొబైల్ ఫేజ్‌లో కరిగించండి. అడుగున మిగిలేది పిండి, బైండర్లే, కంగారొద్దు. వడకట్టి, అందులో 1 మి.లీ.ని మళ్లీ 100 మి.లీ. చేస్తే మి.లీ.కి పారాసిటమాల్ 50, కెఫీన్ 6.5 మైక్రోగ్రాములు వస్తాయి. స్టాండర్డ్ (ఎంతుందో ముందే తెలిసిన పారాసిటమాల్, కెఫీన్ ద్రావణం) కూడా అదే గాఢతలో చేసుకోండి.

ముందు స్టాండర్డ్‌నే ఐదుసార్లు ఇంజెక్ట్ చేయండి. పీక్ ఏరియాల (గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరం వైశాల్యం) ఆర్‌ఎస్‌డీ, అంటే వాటి మధ్య తేడా ఎంతో చెప్పే శాతం, 2 శాతం దాటితే శాంపిల్ జోలికి వెళ్లకండి. మొదట పారాసిటమాల్, తర్వాత కెఫీన్ వస్తాయి. శాంపిల్ ఏరియాని స్టాండర్డ్ ఏరియాతో భాగించి, స్టాండర్డ్ గాఢతతోనూ డైల్యూషన్‌తోనూ (పలచన లెక్క, ఇక్కడ 100 × 100) గుణిస్తే మీరు తూచిన పొడిలో మందెంతో తెలుస్తుంది, దాన్ని సగటు బరువుకి సరిచేస్తే మాత్రలో ఎంతుందో వచ్చేస్తుంది.