షుగర్ సెన్సార్ చెమటకి ఊడిపోకుండా

విశాఖ ఉక్కపోతలో చేతికి పెట్టిన షుగర్ సెన్సార్ (షుగర్‌ని ఎప్పటికప్పుడు కొలిచే, చర్మానికి అతికించే చిన్న బిళ్ళ) 14 రోజులు నిలవాలంటే అసలు పని అతికించే ముందే ఉంది. ఆ రోజు ఒంటికి నూనె, లోషన్, పౌడర్ ఏవీ వద్దు. క్రీమ్ కలిసిన సబ్బులూ వద్దు, వాటి జిడ్డు చర్మం మీద పొరలా ఉండిపోతుంది. జబ్బ వెనక వెంట్రుకలుంటే తీసేయండి. మామూలు సబ్బుతో కడిగి, ఆరాక స్పిరిట్ స్వాబ్‌తో తుడవండి. స్పిరిట్ పూర్తిగా ఆరాలి, ఊదకండి, నోటి తేమ అంటుకుంటుంది. ఫ్యాను కింద చెమట ఆరాకే అతికించి, అంచుల చుట్టూ వేలితో గట్టిగా నొక్కండి.

స్నానానికి కనీసం గంట ముందు పెట్టుకుంటే మేలు. రుషికొండలో సముద్ర స్నానం అదే రోజు అసలొద్దు. అలలూ ఇసుకా ముందు అంచునే లేపుతాయి. లేచిన అంచుని పీకకుండా చిన్న కత్తెరతో కత్తిరించి, పైన ఓవర్‌ప్యాచ్ (సెన్సార్ మీద అదనంగా అతికించే స్టిక్కర్) వేయండి. లిబ్రే బ్రాండ్ సెన్సార్ అయితే మధ్యలోని చిన్న రంధ్రం మూయకూడదు. తువ్వాలుతో రుద్దకండి, అద్దండి. సగం సెన్సార్లు ఊడేది బిగుతు జాకెట్టు చేతులు లాగేటప్పుడే అనిపిస్తుంది!

తీసేటప్పుడు మాత్రం అంచులకి కొబ్బరినూనె రాసి కాసేపు ఆగండి, చర్మం రేగదు.