హైదరాబాద్‌కు కొత్తగా వచ్చిన సోమాలీ శరణార్థి కుటుంబానికి సాయపడటం ఎలా?

టోలీచౌకి, పారామౌంట్ కాలనీ ప్రాంతాల్లో ఉండేవాళ్లకు సోమాలీలు కొత్త మనుషులు కారు. చదువుల కోసం వచ్చినవాళ్లు కొందరైతే, 1991లో సియాద్ బర్రే ప్రభుత్వం కూలాక చెలరేగిన యుద్ధం నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లు ఇంకొందరు. పక్క ఫ్లాట్‌లో అలాంటి కుటుంబం దిగినప్పుడు మంచి మనసుతో చేసిన సాయం కూడా రెండు చోట్ల బెడిసికొడుతుంది. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లందరినీ ‘నైజీరియన్లు’ అని ఒకే గాటన కట్టేయడం ఒకటి. ‘ముస్లింలే కదా, పాతబస్తీ పద్ధతులే వీళ్లవీ’ అనుకోవడం రెండోది. ఈ రెండోది మర్యాదగానే కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ తప్పని పట్టుకోరు.

1. వాళ్లు దిగకముందే ఇల్లు సిద్ధం చేయండి

అన్నిటికంటే ముందు పరదాలు కట్టించండి. ఇంట్లో పరాయి మగవాళ్లు లేనప్పుడు ఆడవాళ్లు తలగుడ్డ తీసేస్తారు. ఎదురు బాల్కనీలోంచి హాలు కనిపిస్తుంటే ఆ తల్లికి పగలంతా ఊపిరాడదు. ప్రతి కిటికీకీ మందపాటి పరదా, హాలుకూ లోపలి గదికీ మధ్య ఇంకొకటి ఉండాలి. చుట్టాలొస్తే మగవాళ్లు ఒకచోట, ఆడవాళ్లు ఒకచోట కూర్చునే ఇళ్లు చాలా ఉంటాయి.

సోఫాకు డబ్బు పెట్టకండి. మనిషికో పరుపు, దుప్పటి, హాల్లోకి ఒక పెద్ద చాప, నమాజుకు రెండు జానమాజులు చాలు. బాత్రూంలో బకెట్, మగ్గు తప్పనిసరి. హైదరాబాద్ నుంచి కిబ్లా, అంటే నమాజుకు ముఖం పెట్టే దిక్కు, పడమరన, కాస్త ఉత్తరానికి వాలి ఉంటుంది. ఏ గోడవైపో ఫోన్‌లో దిక్సూచి చూసి చెప్పగలిగితే మొదటి పూటే వాళ్లకు పెద్ద ఊరట.

కొత్త గ్యాస్ కనెక్షన్‌కు చిరునామా రుజువు అడుగుతారు, అది వీళ్ల దగ్గర ఉండదు. ఏదో ఒక గుర్తింపు పత్రం చూపితే ఇచ్చే 5 కిలోల చిన్న సిలిండర్ల గురించి డీలర్‌ను ముందే కనుక్కోండి. స్టవ్ ఎలా వెలిగించాలో అడక్కుండా పాఠం చెప్పొద్దు. కెన్యాలోని డాదాబ్, కకుమా శిబిరాల్లో కట్టెల పొయ్యి మీద వండుకున్నవాళ్లూ ఉంటారు, సోమాలియా రాజధాని మొగదిషులో మేడల్లో పెరిగినవాళ్లూ ఉంటారు. ‘ఇలాంటి స్టవ్ వాడారా?’ అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది.

సోమాలీ ఇళ్లలో బొగ్గు నిప్పుల మీద ‘ఉన్సి’ అనే ధూపం వేస్తారు. ఆ వాసనకు ఇంటి యజమాని కంగారుపడకుండా, మన సాంబ్రాణిలాంటిదేనని ముందే చెప్పి ఉంచండి. పరదాలన్నీ మూసిన గదిలో బొగ్గులు రాజేస్తే విషవాయువు నిలుస్తుంది. ఒక కిటికీ తెరిచి ఉంచమని మాత్రం వాళ్లకు గట్టిగా చెప్పాలి.

2. మొదటి పలకరింపు

‘అస్సలాము అలైకుం’ చాలు. ముస్లిం కాని మీరు అన్నా సంతోషిస్తారు. మగవాళ్లు ఆ ఇంటి ఆడవాళ్లకూ, ఆడవాళ్లు ఆ ఇంటి మగవాళ్లకూ చెయ్యి చాపకండి. కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుంటే అదే నమస్కారం. వాళ్లే చెయ్యి చాపితే అందుకోండి. ఇంట్లో భర్త లేకపోతే మగవాళ్లు గుమ్మం దగ్గరే మాట్లాడి రావాలి. ఇవ్వడం, తీసుకోవడం కుడిచేత్తోనే. చూపుడు వేలు ఆడించి మనిషిని పిలవడం చాలా అవమానం, కుక్కను పిలిచే తీరు అది. మీ వెంట పెంపుడు కుక్క ఉంటే కింద వదిలి వెళ్లండి.

పసిబిడ్డను చూసి ‘ఎంత ముద్దుగా, బొద్దుగా ఉందో’ అని ఊరుకోకండి. దిష్టి భయం మనకు తెలియనిది కాదు. పక్కనే ‘మాషా అల్లాహ్’ అనాలి. పిల్లల జుట్టు పట్టుకుని చూడటం, అడక్కుండా ఫోటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం రెండూ కూడనివే. ‘హబ్షీ’, ‘నల్లోళ్లు’ అన్న మాటలు మెట్ల దగ్గర వినిపిస్తే అక్కడికక్కడే ఆపండి. ఆ మాటలు వాళ్లకు అర్థం కావనుకోవద్దు.

వంశం పేరు, అంటే తెగ, ఎప్పుడూ అడగకూడదు. ఆ దేశంలో మనుషులు చనిపోయింది ఆ ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టే. ‘అక్కడ ఏం జరిగింది, ఎవరు పోయారు?’ అన్నదీ అంతే. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు.

3. వంటింటి సరుకులు

ఎక్కువమంది తెచ్చేది బిర్యానీ. మన మసాలా కారం వాళ్లకు, ముఖ్యంగా పిల్లలకు, తట్టుకోవడం కష్టం. సోమాలీ వంటలో సుగంధ ద్రవ్యాలు ఎక్కువ, కారం తక్కువ. కారం కావలసినవాళ్లు ‘బస్‌బాస్’ అనే పచ్చడి పక్కన వేసుకుంటారు. అందుకే మొదటి రోజుకు వండిన భోజనం కంటే, రెండు వారాలకు వండుకునే సరుకులే మేలు. ఆరుగురికి లెక్క ఇది:

బాస్మతి బియ్యం 10 కిలోలు, స్పఘెట్టీ 3 కిలోలు, మైదా 4 కిలోలు, జొన్నపిండి 2 కిలోలు, చక్కెర 4 కిలోలు, టీ పొడి అరకిలో, పాలపొడి కిలో, నూనె 4 లీటర్లు, ఉల్లి, టమాటా, ఆలుగడ్డ మూడేసి కిలోలు, ఖర్జూరం కిలో, ఈస్ట్ ఒక చిన్న ప్యాకెట్. అరటిపళ్లు రెండు డజన్లు, రెండు మూడు రోజులకోసారి తాజావి. అన్నంలో అరటిపండు నంజుకోవడం వాళ్లకు నిత్యం ఉండేదే కాబట్టి చూసి నవ్వకండి. స్పఘెట్టీ ఎందుకంటే, దక్షిణ సోమాలియా ఇటలీ పాలనలో ఉన్న కాలం నుంచి ‘బాస్తో’ ఇంటింటి వంట.

జీలకర్ర, ధనియాలు, మిరియాలు, యాలకులు, దాల్చినచెక్క, లవంగాలు, పసుపు కలిపి కొట్టుకునే మసాలాను ‘హవాష్’ అంటారు. దినుసులుగానే ఇవ్వండి, పాళ్లు ఇంటింటికీ మారతాయి. టీలోనూ యాలకులు, దాల్చినచెక్క పడతాయి, తీపి బాగా ఉంటుంది. పొద్దున తినే ‘అంజేరో’ పులియబెట్టిన పిండితో పోసే పల్చని అట్టు, ఒకవైపే కాలుస్తారు. దానికి మన దోసె పెనం సరిగ్గా సరిపోతుంది. అందరూ కలిసి తినడానికి ఒకటిన్నర అడుగుల వెడల్పు స్టీలు పళ్లెం ఒకటి కొనండి.

మాంసం మీరు కొని తేవద్దు. హలాల్ దుకాణం చూపించండి చాలు, మేకమాంసం వాళ్లే ఎంచుకుంటారు. బిస్కెట్లు, జెల్లీలు ఇచ్చేటప్పుడు జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమో ప్యాకెట్ మీద చదవండి.

4. మసీదు విషయంలో ఒక చిన్న తేడా

సోమాలీలు దాదాపు అందరూ సున్నీలు, షాఫయీ పద్ధతి పాటించేవాళ్లు. హైదరాబాద్ మసీదుల్లో ఎక్కువ భాగం హనఫీ పద్ధతివి. సాయంత్రం ముందు చేసే అసర్ నమాజు వేళ షాఫయీ లెక్కలో సుమారు గంట ముందే వస్తుంది. అందుకే మసీదు అజాన్ వినిపించకముందే ఇంట్లో నమాజు చేసుకుంటే ‘టైం తెలియదు పాపం’ అనుకుని సరిదిద్దకండి. ఆఫీసు పనులకు శుక్రవారం 12.30 నుంచి 2.30 వరకు వదిలేయండి.

5. పేర్లు, కాగితాలు

అసలు చిక్కులన్నీ ఇక్కడే. సోమాలీలకు ఇంటిపేరు లేదు. సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా రాస్తారు. పెళ్లయ్యాక భార్య పేరు మారదు. భర్త హసన్ అలీ మహమూద్, భార్య ఫాతుమా యూసుఫ్ నూర్ అనుకుందాం. కూతురు అమీనా హసన్ అలీ అవుతుంది. ముగ్గురి చివరి పేర్లూ వేరు. మన గుమాస్తా దీన్ని చూసి ‘ఇది ఒకే కుటుంబమేనా?’ అంటాడు. అక్కడ మీరు ఉండి వివరించడమే పెద్ద సాయం.

సోమాలీ భాషకు 1972 నుంచి లాటిన్ లిపి. అందులో ‘హ’లాంటి ఒక ధ్వనికి ఎక్స్, గొంతులోంచి వచ్చే ‘అ’కు సి రాస్తారు. అందుకే ఒకే అలీ ఒక కాగితంలో ‘సి’తో, ఇంకో దాంట్లో ‘ఏ’తో కనిపిస్తాడు. ప్రతి ఫారంలోనూ శరణార్థి కార్డు మీద ఉన్న అక్షరాలే, ఒక్కటి కూడా మార్చకుండా రాయండి. కుటుంబంలో నలుగురికీ పుట్టినరోజు జనవరి 1 అని ఉంటే అది మోసం కాదు. తేదీ నమోదు లేనివాళ్లకు అధికారులు వేసేది అదే.

భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. సోమాలీల నమోదు, కార్డులు చూసేది ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్, దాని కార్యాలయం ఢిల్లీలో. కార్డుకు గడువు తేదీ ఉంటుంది. దానికి మూడు నెలల ముందు మీ ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. అన్ని కాగితాలకూ మూడేసి జిరాక్సులు తీయించి, అసలువి ఒక కవరులో తల్లి దగ్గరే ఉంచండి. మీ దగ్గర పెట్టుకోకండి.

విదేశీయులకు ఇల్లిచ్చిన యజమాని 24 గంటల్లో ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు కార్యాలయానికి (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) తెలపాలి. అందరూ ఫారం సి అనేది దీన్నే. యజమాని మరిచిపోతే ఇబ్బంది కుటుంబానికే. ఇక దళారులు: ‘ఆధార్ చేయిస్తా’, ‘కెనడా పంపిస్తా’ అంటూ గుమ్మం దాకా వస్తారు. దొంగ ఆధార్ దొరికితే క్రిమినల్ కేసు, జైలు. యూఎన్‌హెచ్‌సీఆర్ సేవలన్నీ ఉచితం, డబ్బడిగినవాడు మోసగాడే. జాలిపడి మీ పేరు మీద సిమ్ తీసి కూడా ఇవ్వకండి. ఆ నంబరుతో ఏం జరిగినా జవాబుదారీ మీరే.

6. బడి

6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్యాహక్కు చట్టం 2009 వర్తిస్తుంది. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదు, వయసుకు తగిన తరగతిలోనే వేసి వెనకబడినదానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడతామంటే ఈ మాటలే హెడ్మాస్టర్‌కు చెప్పండి. ఆడపిల్ల యూనిఫాంతో తలగుడ్డ, పొడుగు చేతులు వేసుకోవచ్చా అన్నది చేరే రోజే అడిగేయాలి. ఉర్దూ వస్తుందనుకుని ఉర్దూ మీడియంలో వేయకండి. ఇల్లంతా మాట్లాడేది సోమాలీ, చదివేది ఖురాన్ అరబీ.

7. ఆసుపత్రి

పిల్లలను దుబాసీలుగా వాడకండి. తల్లి రక్తస్రావం గురించి పన్నెండేళ్ల కొడుకు నోటితో చెప్పించడం ఇద్దరికీ నరకం. ఆడవాళ్లకు ఆడ దుబాసీ కావాలి. ఊళ్లోని సోమాలీ విద్యార్థిని దొరికితే కూడా, పేరు చెప్పి ‘ఈమె పర్వాలేదా?’ అని కుటుంబాన్ని ముందు అడగాలి. వంశ వైరాలు ఇక్కడికీ వస్తాయి. జుబ్బా నది ప్రాంతపు సోమాలీ బంటూలైతే చాలామంది మాట్లాడేది మాయ్ అనే వేరే భాష, మామూలు సోమాలీ దుబాసీ మాట సగం అర్థం కాదు.

సోమాలియాలో దాదాపు ప్రతి స్త్రీకీ చిన్నతనంలోనే జననాంగ కోత జరిగి ఉంటుంది. ఇక్కడి డాక్టర్లు చాలామంది దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు. పరీక్ష బల్ల దగ్గర నర్సులు గుమిగూడితే ఆమె మళ్లీ ఆసుపత్రి గడప తొక్కదు. గర్భిణి అయితే ఏడో నెలలోపే, ఆమె అనుమతితో, ఒక లేడీ డాక్టర్‌తో ముందుగా మాట్లాడి పెట్టుకోండి. దీని గురించి మీరు ఆమెను వివరాలు అడగొద్దు. సిజేరియన్ అంటే సోమాలీ స్త్రీలకు చాలా భయం. ఎందుకు అవసరం కావచ్చో నొప్పులు మొదలయ్యాక కాదు, నెలల ముందే చెప్పించాలి.

8. డబ్బు

సాయం డబ్బు పిల్లల చేతికి, పదిమందిలో ఇవ్వకండి. అద్దె అడ్వాన్స్ కడితే అది దానమో బదులో ఆ రోజే స్పష్టంగా చెప్పండి. బదులైతే వడ్డీ మాట రాకూడదు. మీరిచ్చిన దాంట్లోంచే కొంత మొగదిషులోని తల్లికి పంపితే నొచ్చుకోవద్దు. అక్కడ మిగిలినవాళ్లను పోషించడం వాళ్ల బాధ్యత, దాన్ని ఆపమనే హక్కు మనకు లేదు.

9. రంజాన్ వస్తే

ఉపవాసానికి ముందు తినే సహరీకి తెల్లవారుజామున లేస్తారు, తరావీహ్ అనే రాత్రి నమాజు తర్వాత ఆలస్యంగా పడుకుంటారు. పగలు టీకాలకో ఆఫీసులకో తిప్పకండి, పనులు నెలకు ముందో తర్వాతో పెట్టుకోండి. మూడున్నరకు గిన్నెల చప్పుడవుతుందని కింది ఇంటివాళ్లకు ముందే చెప్పండి. ఆ వేళకు ట్యాంకులో నీళ్లుండేలా రాత్రి పదకొండుకే మోటారు వేయమని వాచ్‌మన్‌కు చెప్పి ఉంచండి.